పన్ను బాకీ ఉంటే అమెరికాకు అమ్మానాన్నలను స్పాన్సర్ చేయొచ్చా?

అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు డబ్బు బాకీ ఉన్నంత మాత్రాన అమ్మానాన్నల గ్రీన్‌కార్డు ఆగదు. వేయాల్సిన రిటర్న్ వేయకపోతే ఆగుతుంది. ఈ రెండూ ఒకటేననుకుని, బాకీ మొత్తం తీరాకే ఐ-130 (బంధువుల గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) వేద్దామని ఏళ్లు గడిపేసేవాళ్లున్నారు. ఇంటి దగ్గర పెద్దవాళ్ల వయసు మన వాయిదాల కోసం ఆగదు కదా.

21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులే తల్లిదండ్రులను స్పాన్సర్ చేయగలరు. అమ్మకొకటి, నాన్నకొకటి విడివిడిగా ఐ-130 వేయాలి, వాళ్ల పోషణ బాధ్యత నాదేనని రాసిచ్చే ఐ-864 ఫారం కూడా అంతే. పన్ను కాగితాలు అడిగేది ఈ ఐ-864లోనే. కిందటి ఏడాది ఫెడరల్ రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్ (ఐఆర్‌ఎస్ ఇచ్చే రిటర్న్ సారాంశం), లేదా 1040 (రిటర్న్ ఫారం) కాపీతో పాటు ఆదాయం చూపే డబ్ల్యూ-2, 1099లు జతచేయాలి. స్టేట్ రిటర్న్ అక్కర్లేదు. ముఖ్యంగా చూసేది మొత్తం ఆదాయం ఎంతన్నదే. ఎంత బాకీ ఉన్నారన్న ప్రశ్న ఆ ఫారంలో లేదు. కట్టాల్సింది కట్టకుండా ఫైల్ చేసినవాళ్లకు ట్రాన్‌స్క్రిప్ట్ ఆలస్యంగా వస్తుంది. అప్పుడు 1040 కాపీ పెట్టేయండి.

పాత రిటర్నులు మిగిలిపోయుంటే ముందు వాటిని వేయండి. చేతిలో డబ్బు లేకపోయినా సరే. ఫైల్ చేయకపోతే కట్టాల్సిన పన్ను మీద పెనాల్టీ నెలకు 5 శాతం, 25 శాతం దాకా పెరుగుతుంది. ఫైల్ చేసి కట్టకపోతే నెలకు అర శాతమే. పైగా రిటర్నులన్నీ వేస్తేనే ఐఆర్‌ఎస్ వాయిదాల ప్లాన్ ఇస్తుంది. బాకీ 50,000 డాలర్ల లోపైతే వాళ్ల సైట్‌లోనే అప్లై చేయొచ్చు.

బాకీ నిజంగా దెబ్బకొట్టేది ఆదాయం చాలక ఆస్తి చూపించేటప్పుడు. మీరిద్దరు, ఒక పాప, అమ్మానాన్నలు: ఐదుగురికి 2025 లెక్కన 47,062 డాలర్ల ఆదాయం కావాలి. మీది 41,062 అనుకోండి. తగ్గిన 6,000కు ఐదింతలు, అంటే 30,000 డాలర్ల ఆస్తి చూపాలి. ఇంటి విలువ 4,00,000, లోన్ 3,65,000 అయితే మిగిలే 35,000తో గట్టెక్కుతారు. అదే ఇంటిమీద ఐఆర్‌ఎస్ 10,000 డాలర్ల లీన్ (బాకీ కింద ఆస్తి మీద పెట్టే హక్కు) వేసి ఉంటే చేతికొచ్చేది 25,000. అది చాలదు. అలాంటప్పుడు మీతో పాటు పోషణ బాధ్యత తీసుకునే జాయింట్ స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. వాళ్లు బంధువులే కానక్కర్లేదు, అమెరికాలో ఉండే గ్రీన్‌కార్డుదారులైనా పనికొస్తారు.

ఇంకా పౌరసత్వం రానివాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. పౌరసత్వానికి వేసే ఎన్-400 ఫారంలో గడువు దాటిన పన్ను బాకీ ఉందా అని సూటిగా అడుగుతారు, అదీ ఫెడరల్, స్టేట్, లోకల్ అన్నిటికీ. ఉంటే ఉందనే రాయండి. దాచడం బాకీ కన్నా పెద్ద తప్పవుతుంది. ప్లాన్ మంజూరైన లెటర్, వాయిదాలు కట్టిన రుజువులు ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి.

పౌరులకు మరో చిక్కుంది. నోటీసులన్నీ దాటిపోయి, పెనాల్టీ, వడ్డీలతో కలిపి బాకీ ఒక హద్దు (2025లో అది 64,000 డాలర్లు) మించితే పాస్‌పోర్టు రెన్యువల్ ఆపేయొచ్చు. స్పాన్సర్‌షిప్ దానివల్ల రద్దు కాదు గానీ, అమ్మానాన్నలను తీసుకురావడానికి మీరు విమానం ఎక్కలేరు. ప్లాన్ ప్రకారం సమయానికి కట్టేవాళ్లకు ఈ బెడద ఉండదు.