వరి నుంచి గోధుమ దాకా: జీఆర్ఎఫ్ జన్యు కుటుంబ పరిణామాన్ని పరిశీలించే విధానం

ఆకు పరిమాణాన్ని, కాండం ఎదుగుదలను, గింజ బరువును ప్రభావితం చేసే జీఆర్ఎఫ్ (పెరుగుదలను నియంత్రించే కారకాలు) జన్యువులలో మొదటిది 2000లో లోతునీటి వరిలో, జిబ్బరెల్లిన్ అనే మొక్కల పెరుగుదల హార్మోన్‌కు స్పందించే జన్యువుగా వెలుగులోకి వచ్చింది. ఈ కుటుంబం గురించి రాసేవారిలో చాలామంది సభ్యులను లెక్కపెట్టడంతో ఆగిపోతారు. నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఎన్సెంబుల్ ప్లాంట్స్ అనే మొక్కల జన్యు సమాచార నిధి నుంచి వరి, జొన్న, మొక్కజొన్న, గోధుమల ప్రోటీన్ వరుసలను దించుకొని, జన్యువుకు ఒక్క ప్రోటీన్ వరుసనే ఉంచుకోవాలి. తరువాత ప్రోటీన్ భాగాలను గుర్తించే హెచ్ఎంఎంఈఆర్ సాఫ్ట్‌వేర్‌తో, జీఆర్ఎఫ్ ప్రోటీన్ల గుర్తులైన క్యూఎల్‌క్యూ (పీఫామ్ నిధిలో సంఖ్య పీఎఫ్08880), డబ్ల్యూఆర్‌సీ (పీఎఫ్08879) అనే రెండు భాగాలనూ వెతికి, రెండూ ఉన్న వాటినే స్వీకరించాలి. క్రోమాటిన్ (ప్రోటీన్లతో చుట్టుకున్న డీఎన్ఏ) అమరికను మార్చే కొన్ని ప్రోటీన్లలోనూ క్యూఎల్‌క్యూ ఉంటుంది కనుక ఒక్కదానిపై ఆధారపడితే సంబంధం లేనివి చేరతాయి. వరిలో 12 జన్యువులు రావాలి. రాకపోతే ముందు మీ వడపోతనే సరిచూసుకోవాలి.

వంశవృక్షానికి, వరుసలను సరిపోల్చి అమర్చే మాఫ్ట్, వృక్షాన్ని గీసే ఐక్యూ-ట్రీ సాఫ్ట్‌వేర్లు సరిపోతాయి. ఆ రెండు భాగాలూ కలిపి సుమారు 80 అమైనో ఆమ్లాలే కావడంతో, వాటితో మాత్రమే గీసిన వృక్షంలో చాలా కొమ్మలకు బలమైన ఆధారం దొరకదు.

అందుకే క్రోమోజోమ్‌పై ఇరుగుపొరుగు జన్యువుల వరుసను ఎంసీస్కాన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూడాలి. ధాన్యపు పంటల ఉమ్మడి పూర్వికునిలో సుమారు 7 కోట్ల ఏళ్ల కిందట జీనోమ్ (జన్యు సమాచారం) మొత్తం రెట్టింపైంది. మొక్కజొన్న వంశంలో ఆ తరువాత మరోసారి రెట్టింపు జరిగింది, జొన్నలో జరగలేదు. కాబట్టి జొన్నను కొలబద్దగా పెట్టుకుంటే, దానిలోని ఒక్కో జన్యువుకు మొక్కజొన్నలో రెండు ప్రతులు మిగిలాయా, ఒకటి రాలిపోయిందా అన్నది తెలుస్తుంది. గోధుమలోని ఏ, బీ, డీ అనే మూడు జీనోమ్‌ల ప్రతులను మాత్రం కుటుంబ విస్తరణగా లెక్కించకూడదు, ఎందుకంటే అవి మూడు జాతుల కలయికతో వచ్చినవి. రెట్టింపైన జన్యు జంటల వయసును అంచనా వేయడానికి, అమైనో ఆమ్లాన్ని మార్చని మార్పుల రేటును ఏడాదికి ఒక్కో స్థానానికి 6.5 × 10⁻⁹గా తీసుకొని, జంట మధ్య ఒక్కో స్థానానికి కనిపించిన అలాంటి మార్పుల విలువను ఆ రేటుకు రెట్టింపుతో భాగించాలి: 0.9 వస్తే దాదాపు 6.9 కోట్ల ఏళ్లు.

ఇక అత్యంత జాగ్రత్తగా చూడవలసినది మైక్రో ఆర్ఎన్ఏ 396 (జన్యు సందేశానికి అతుక్కొని దాన్ని కత్తిరించే చిన్న ఆర్ఎన్ఏ) అతుక్కునే చోటు, అంటే దాని లక్ష్యం. అది డబ్ల్యూఆర్‌సీని రాసే వరుసలోనే ఉంటుంది, అంటే అక్కడి ఒక్కో అక్షరం మీద ప్రోటీన్ ఒత్తిడి, ఆర్ఎన్ఏ ఒత్తిడి రెండూ పనిచేస్తాయి. అందువల్ల ఆ భాగాన్ని వయసు లెక్క నుంచి తప్పించడం మేలు. అతుక్కునే జంటలో ఒక న్యూక్లియోటైడ్ (అక్షరం) జత కుదరక ఉబ్బులా బయటికి ఉండవచ్చు కనుక వెతికేటప్పుడు దానికి అవకాశమివ్వాలి, లేదంటే ఉన్న లక్ష్యం కూడా లేనట్టు కనబడుతుంది. పరిశోధనలలో నమూనాగా వాడే చిన్న మొక్క ఆరాబిడాప్సిస్‌లోని 9 జీఆర్ఎఫ్ జన్యువులలో 7 మాత్రమే ఈ లక్ష్యాన్ని నిలుపుకున్నాయి, వరిలో 12కు 12 నిలుపుకున్నాయి.

ఈ చోటులో చిన్న మార్పుకైనా ఎంత బలముందో వరి జీఆర్ఎఫ్4 చూపుతుంది. పెద్ద గింజల రకాలలో అక్కడ డీఎన్ఏలో టీసీ అనే రెండు అక్షరాల స్థానంలో ఏఏ చేరడంతో మైక్రో ఆర్ఎన్ఏ దానిని సరిగా కత్తిరించలేకపోయింది, జన్యు సందేశం పెరిగింది, గింజ పెద్దదైంది. కాబట్టి చివరి దశలో జాతుల పోలికతో సరిపెట్టక, 3,000 వరి జీనోమ్‌ల సమాచారంలో 12 జన్యువుల లక్ష్యపు వరుసలనూ రకాల వారీగా పక్కపక్కన పెట్టి, తేడా కనిపించిన రకాల గింజ కొలతలతో సరిపోల్చాలి.