స్టీరింగ్‌లో చప్పుడు: నా పాత డీజిల్ కారు అనుభవం
గతుకుల్లో పడితే ముందువైపు నుంచి టక్ టక్ మని చప్పుడు. స్టీరింగ్ కాస్త వదిలితే బండి ఎడమకు లాగేది. షాకబ్జర్లు పోయాయన్నారు, నేనూ నమ్మాను.

జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, ఎడమ చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని ఊపితే ప్లే (వదులుగా కదలడం) స్పష్టంగా తెలిసింది. పైనా కిందా పట్టుకుని ఊపితే కదల్లేదు. అంటే బేరింగు బాగానే ఉంది, అరిగింది టై రాడ్ ఎండ్, అదే స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి కీలు. దాని రబ్బరు బూటు (తొడుగు) చిరిగి, గ్రీజులో ఇసుక కలిసి నల్లటి ముద్దలా ఉంది.

తుప్పు పట్టిన నట్టుకు ముందు రోజు రాత్రే స్ప్రే కొట్టి ఉంచాను. పాతది విప్పుతూ చుట్లు లెక్కపెట్టాను: 17. కొత్తదీ అన్నే చుట్లు ఎక్కించాను. లేకపోతే అలైన్‌మెంట్‌కి (చక్రాల కోణాలు సరిచేయించడానికి) తీసుకెళ్ళేదాకా బండి నడపడమే కష్టం.

చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్షులూ పగిలాయి. బరువైన డీజిల్ ఇంజన్ ముందే ఉంటుంది కదా, వాటి మీద భారం ఎక్కువ. ఒక్క మాట గట్టిగా చెప్తాను: బండి గాల్లో ఉండగా బుష్షు బోల్టు చివరిదాకా బిగించకండి. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. లేదంటే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

తర్వాత అలైన్‌మెంట్ చేయించాను. ఇప్పుడు చప్పుడు లేదు, బండి తిన్నగా వెళ్తోంది.