కిశోర బాలికలకు రక్తహీనత మాత్రలు: పేరు నమోదు నుంచి 90వ రోజు దాకా

ముందు ఒక మాట. రక్తహీనతకు ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలకు అప్లికేషన్ ఫారం లేదు, ఫీజు లేదు, రేషన్ కార్డుతో నిమిత్తం లేదు. మీసేవకు వెళ్లే పనీ లేదు. కావలసినవి రెండే: అమ్మాయి పేరు ఏదో ఒక జాబితాలో ఉండాలి, చేతిలో హెచ్‌బీ (రక్తంలో హిమోగ్లోబిన్) పరీక్ష అంకె ఉండాలి. ఈ రెండూ కుదిరితే మాత్రలు వస్తాయి. ఏ ఒక్కటి తప్పినా పిల్ల నీరసంగానే తిరుగుతుంది, ఇంట్లో వాళ్లు "వయసు పిల్ల కదా, తిండి సరిగా తినదు" అని సరిపెట్టుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత తేలింది. అందుకే నీరసం కనిపించినా కనిపించకపోయినా ఒకసారి పరీక్ష చేయించండి.

వారానికి ఒకటా, రోజుకు రెండా?

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం బిళ్ల రక్తహీనత రాకుండా ఆపడానికి. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ, రక్తం బాగున్నా ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ (అంటే అసలు ఐరన్), 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తహీనత తగ్గించడానికి 2018లో మొదలైన కేంద్ర కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ కింద ఖరారైన మోతాదు ఇది.

రక్తం తక్కువని తేలిన అమ్మాయికి ఈ వారం బిళ్ల చాలదు. 12 ఏళ్లు దాటిన బాలికకు హెచ్‌బీ 12 ఉండాలి. 11 నుంచి 11.9 వరకు స్వల్పం, 8 నుంచి 10.9 వరకు మధ్యస్థం, 8 కంటే తగ్గితే తీవ్రం. పదీ, పదకొండేళ్ల పిల్లలకు 11.5 ఉంటే చాలు. స్వల్పం, మధ్యస్థం అయితే అవే మాత్రలు రోజుకు రెండు చొప్పున, భోజనం తర్వాత, 3 నెలలు వాడాలి. అంటే మొత్తం 180 మాత్రలు. "మా అమ్మాయికి బడిలో ఇస్తున్నారుగా" అని ఊరుకుంటే ఆ 3 నెలల్లో ఆమెకు అందేది పన్నెండో పదమూడో మాత్రలు. ఈ లెక్క ఒక్కటి తల్లికి అర్థమైతే సగం పని అయినట్టే.

కాబట్టి ఏఎన్‌ఎమ్ (ఊరి ప్రభుత్వ నర్సు) దగ్గర "ఐరన్ మాత్రలు ఇవ్వండమ్మా" అని కాకుండా, "మా అమ్మాయికి 9.6 పాయింట్లు వచ్చింది, రోజువారీ చికిత్స కోర్సు రాయించండి" అని అడగండి. మొదటిదానికి నాలుగు బిళ్లలు చేతిలో పెట్టి పంపొచ్చు. రెండోదానికి రిజిస్టరులో రక్తహీనత ఉన్నవాళ్ల జాబితాలో పేరు ఎక్కుతుంది.

పేరు ఎక్కడ ఉంటుంది

ప్రభుత్వ, ఎయిడెడ్ బడిలో 6 నుంచి ఇంటర్ దాకా చదివే అమ్మాయి పేరు బడి జాబితాలోనే ఉంటుంది. బాధ్యత క్లాసు టీచరుది. బడి మానేసిన అమ్మాయి పేరు అంగన్‌వాడీ కేంద్రంలో ఉండాలి. మన గోదావరి డెల్టాలో జారిపోయేది ఈ రెంటి మధ్య ఉన్నవాళ్లే. పదో తరగతి అయ్యాక రొయ్యల ప్లాంటు పనికి వెళ్లే అమ్మాయి పేరు బడిలో కొట్టేస్తారు, అంగన్‌వాడీలో ఎవరూ రాయరు. తెల్లారి బస్సెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్ల ఆశా కార్యకర్త కంటబడదు కూడా. అలాంటి ఇంట్లో తల్లో, నాయనమ్మో అంగన్‌వాడీకి వెళ్లి పేరు, వయసు, ఫోన్ నంబరు చెప్పి రాయించాలి. అమ్మాయి స్వయంగా రానక్కర్లేదు, పరీక్ష రోజున వస్తే చాలు.

ప్రైవేటు బడిలో, కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్నవాళ్లకు వారం మాత్ర దానంతట అది రాదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు గ్రామ సచివాలయం ఏఎన్‌ఎమ్ దగ్గర పేరు రాయించి, పరీక్ష చేయించి, నెలకు సరిపడా మాత్రలు తీసుకుని పంపండి.

ఒక సందేహం తరచుగా వస్తుంది: 14-18 ఏళ్ల బాలికలకు అంగన్‌వాడీలో సరుకులు ఇస్తారట కదా అని. ఆ కేంద్ర పథకం మన రాష్ట్రంలో ఆకాంక్షిత జిల్లాలకు, అంటే వెనుకబడినవిగా కేంద్రం ఎంచిన జిల్లాలకు, పరిమితం. కోనసీమ, పశ్చిమ గోదావరి అందులో లేవు. ఇక్కడ హక్కుగా అడగాల్సింది పరీక్ష, మాత్రలు, నులిపురుగుల మందు.

అమ్మాయి గర్భిణి అయితే ఈ విధానం వర్తించదు. వెంటనే గర్భిణుల నమోదు చేయించాలి.

పరీక్ష రోజు

ఊళ్లో టీకాలు వేసే రోజున ఏఎన్‌ఎమ్ అంగన్‌వాడీ దగ్గర ఉంటారు, సాధారణంగా బుధ, శనివారాల్లో. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో (ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం), పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) కూడా చేయించుకోవచ్చు. ఆధార్, ఫోన్ తీసుకెళ్లండి, ఆభా నంబరు (ఆన్‌లైన్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉంటే అదీ. తినే వెళ్లొచ్చు, పరగడుపున ఉండాల్సిన పని లేదు.

వేలి చుక్కతో చిన్న డిజిటల్ మీటర్ మీద చేసే పరీక్షలో తప్పులు ఎలా వస్తాయో తెలుసుకుంటే మంచిది. స్పిరిట్ ఆరకముందే గుచ్చితే రక్తం పలచబడుతుంది. రక్తం రావడం లేదని వేలిని గట్టిగా పిండితే కండలోని నీరు కలిసి అంకె తగ్గుతుంది. మొదటి చుక్క తుడిచేసి తర్వాతి చుక్క తీసుకోవాలి. చేతులు చల్లగా ఉంటే ముందు రెండు అరచేతులూ రుద్దుకోమనండి, పిండే అవసరం రాదు. ఇక మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే, ముఖ్యంగా ముసురు పట్టిన రోజుల్లో, స్ట్రిప్పు చెమ్మగిల్లి అంకె తారుమారవుతుంది. స్ట్రిప్పు తీసిన వెంటనే మూత పెట్టమని మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

అంకె నమ్మశక్యంగా లేకపోతే, అంటే చురుగ్గా తిరిగే పిల్లకు 6 వచ్చినా, పాలిపోయిన పిల్లకు 13 వచ్చినా, పీహెచ్‌సీ ల్యాబులో రక్తం తీసి మళ్లీ చూపించండి. అంకె, తేదీ ఒక కాగితం మీద రాయించుకోండి. నెల తర్వాత పోల్చడానికి అదే ఆధారం.

8 కంటే తక్కువ వస్తే మాత్రలు తీసుకుని ఇంటికి రావద్దు. అదే రోజు పీహెచ్‌సీ డాక్టరుకు చూపించాలి. ఐరన్ ఇంజెక్షన్ కావాలా, పెద్దాసుపత్రికి పంపాలా అనేది డాక్టరు నిర్ణయిస్తారు. 5 లోపు అయితే ఆస్పత్రిలో చేర్చాల్సిందే. కూర్చున్నా ఆయాసం, గుండెదడ, కాళ్ల వాపు ఉంటే అంకె కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మాత్రలు అందుకునేటప్పుడు

నెలకు 60 మాత్రలు లెక్కపెట్టి తీసుకోండి. అట్ట వెనక గడువు తేదీ, ఐరన్ మోతాదు చదవండి. నీలం రంగువి లేవని ఎర్రవి ఇస్తే కంగారు పడొద్దు. పెద్దవాళ్లకిచ్చే ఎర్ర మాత్రలోనూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గులాబీ రంగువి 5-9 ఏళ్ల పిల్లలవి, 45 మిల్లీగ్రాములే. అవి ఇస్తే మార్చమని అడగండి.

మెడికల్ షాపులో కొనాల్సి వస్తే ఇంకో చిక్కుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఒక్కోసారి మందు మొత్తం బరువు, ఐరన్ బరువు కాదు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడో వంతే ఐరన్. "ఎలిమెంటల్ ఐరన్" అని ఎంత రాసి ఉందో చూసి, డాక్టరు చెప్పిన లెక్కకు సరిపెట్టండి. టానిక్ సీసా ఖరీదైనది కదా అని బలమైనదనుకోవద్దు. చాలా టానిక్కుల్లో ఒక చెంచాలో ఉండే ఐరన్ ఈ ఉచిత మాత్ర కంటే తక్కువ.

స్టాకు లేదన్నారా? నోటిమాటగా వదిలేయకండి. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు తెల్ల కాగితం మీద ఇలా రాసి ఇవ్వండి:

"పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు గారికి. ............ గ్రామ సచివాలయ పరిధిలో ఉంటున్న మా అమ్మాయి ............, వయసు ......, ...... తేదీన చేసిన పరీక్షలో హెచ్‌బీ ...... వచ్చింది. చికిత్స మోతాదు ప్రకారం రోజుకు 2 చొప్పున నెలకు 60 ఐఎఫ్‌ఏ (ఐరన్, ఫోలిక్ యాసిడ్) మాత్రలు కావాలి. ...... తేదీన అడిగితే స్టాకు లేదన్నారు. మాత్రలు ఇప్పించి, ఆమె పేరు రక్తహీనత జాబితాలో నమోదు చేయించగలరు. ఫోన్: ............"

రెండు కాపీలు రాసి, ఒకదానిపై తేదీ వేసి సంతకం చేయించుకోండి. వారంలో కదలకపోతే ఆ కాపీతో ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయొచ్చు, లేదా సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. ఈలోగా కోర్సు ఆగకూడదు. పక్క ఊరి కేంద్రంలోనైనా అడిగి తెచ్చుకోండి.

లంక గ్రామాల వాళ్లకు ప్రత్యేకంగా: జూలై, ఆగస్టులో వరదొస్తే పడవలు, పంట్లు ఆగిపోతాయి. జూన్ చివరికే రెండు నెలలవి, 120 మాత్రలు, అడిగి పెట్టుకోండి. ఎందుకో చెబితే ఏఎన్‌ఎమ్‌లు అర్థం చేసుకుంటారు, వాళ్లూ ఆ రేవు దాటి రావాల్సిన వాళ్లే.

మింగడం దగ్గర

చాలా కోర్సులు ఆగిపోయేది రెండో వారంలో, వికారం వల్ల. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం ఎక్కువ. రాత్రి అన్నం తిన్న అరగంటకు మంచినీళ్లతో వేసుకుని పడుకుంటే చాలామందికి తెలియకుండా పోతుంది. రెండూ ఒకేసారి వేసుకోవాలని ఉన్నా, మొదటి రోజుల్లో పడకపోతే మానేయకండి, ఏఎన్‌ఎమ్‌కు చెప్పి మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటిగా వేసుకోండి. చప్పరించకూడదు, నమలకూడదు. మలం నల్లగా వస్తుంది, అది ఐరన్ రంగే. ఆ విషయం ముందే చెప్పకపోతే పిల్ల భయపడి ఎవరికీ చెప్పకుండా మాత్రలు పారేస్తుంది.

టీ, కాఫీ, పాలు, పెరుగు, కాల్షియం మాత్ర, గ్యాస్ మందు: ఇవేవీ ఐరన్‌తో కలిపి పడవు. రెండు గంటల ఎడం ఉంచండి. రాత్రి భోజనం పెరుగన్నంతో ముగించే ఇల్లయితే మాత్ర మధ్యాహ్నానికి మార్చి, ఆ పూట పెరుగు మానితే సరి. నిమ్మకాయ పిండిన పప్పు, జామకాయ, ఉసిరికాయ ఐరన్‌ను ఒంటికి పట్టిస్తాయి.

తిండి విషయంలో మన ప్రాంతానికి లోటు లేదు. మేక కార్జం, ఎండు రొయ్యలు వేసిన తోటకూర, మునగాకు పప్పు, గోంగూర. సమర్తాడిన పిల్లకు చిమ్మిలి పెట్టే ఆచారం మంచిదే, నువ్వుల్లో ఐరన్ ఉంది. కానీ 9 పాయింట్ల పిల్లకు చిమ్మిలి మాత్రల బదులు కాదు. అందులోని ఐరన్ ఒంటికి పట్టేది కొద్దిగానే. రెండూ ఇవ్వండి.

జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. తలసేమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లకు డాక్టరు చెప్పకుండా ఐరన్ ఇవ్వకూడదు.

మాత్రలు అట్టలోనే ఉంచండి. విప్పి కవర్లో పోస్తే ఈ తేమకు పైనున్న చక్కెర పూత కరిగి అంటుకుపోతాయి. ఇంట్లో చంటిపిల్లలుంటే అందకుండా పైన పెట్టండి. అవి చాక్లెట్ గోలీల్లా ఉంటాయి, రెండేళ్ల పిల్ల నాలుగైదు మింగితే ప్రాణాపాయం. అలా జరిగితే వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

నులిపురుగులు

చేలో, చెరువు గట్టున చెప్పుల్లేకుండా తిరిగే కాళ్ల నుంచి కొంకిపురుగు లోపలికి వెళ్లి పేగుల్లో రక్తం పీలుస్తుంది. అది ఉండగా ఎన్ని మాత్రలు వేసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల దినాల్లో 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఇస్తారు. ఇది నమిలి మింగాలి. ఆ రోజు తప్పితే సుమారు వారానికి మిగిలినవాళ్లకు ఇస్తారు, ఆగస్టులో వరదల వల్ల తప్పినవాళ్లు అప్పుడు అడగాలి.

30వ రోజు, 90వ రోజు

నెలకు మళ్లీ పరీక్ష. కనీసం 1 పాయింటు పెరగాలి. 9.6 ఉన్న పిల్లకు 10.6 రావాలి. పెరగలేదంటే ముందు మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి, కోప్పడకుండా. 60లో 35 మిగిలితే కారణం అక్కడే ఉంది. అన్నీ వేసుకున్నా పెరగకపోతే రిఫరల్ చీటీ రాయించుకుని అమలాపురం, నరసాపురం, తణుకు లాంటి చోట్ల ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. పూర్తి రక్త పరీక్షలో బి12 లోపమో, తలసేమియా లక్షణమో బయటపడొచ్చు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే అమ్మాయి నోరు విప్పి చెప్పలేదు కాబట్టి, రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తుందో తల్లే చూసి డాక్టరుకు చెప్పాలి.

మధ్యలో పిల్ల హుషారుగా కనిపించినా 3 నెలలూ పూర్తి చేయాలి. రక్తం నిండాక ఒంట్లో ఐరన్ నిల్వ కూడా చేరాలి. లేకపోతే రెండు మూడు నెలసరులకే మళ్లీ దిగిపోతుంది. 90వ రోజు పరీక్షలో 12కు (పదీ, పదకొండేళ్ల పిల్లకు 11.5కు) చేరితే రోజు మాత్రలు ఆపి, ఆ వారం నుంచే వారానికి ఒక నీలం బిళ్ల మొదలుపెట్టండి. ఆ అంకె, తేదీ కూడా మొదటి కాగితం మీదే రాయించి, రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా నమోదు చేయించుకుని రండి.