రాత్రిపూట పాలపీక మాన్పించాలా, వద్దా?

బిడ్డ వయసెంత, రాత్రి నోట్లోంచి జారిన పాలపీకను (పాలు లేకుండా ఊరికే చప్పరించే పాసిఫయర్‌ను) తిరిగి పెడుతున్నది ఎవరు? ఈ రెండూ తేలితే మాన్పించాలా వద్దా అన్నది దాదాపు తేలినట్టే. నాకు కవలలు. ఒకే గది, ఒకే రకం పాలపీకలు. అమ్మాయికి ఎనిమిదో నెలలోనే తీసేశాను, అబ్బాయికి రెండో ఏడు దాకా ఉంచాను. రెండూ సరైన నిర్ణయాలేనని ఇప్పటికీ అంటాను.

ఆరు నెలలు నిండని బిడ్డ అయితే తొందరపడకండి. పసిపిల్లలు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం, అంటే సిడ్స్, మొదటి 6 నెలల్లోనే ఎక్కువ. పాలపీకతో పడుకోబెట్టిన పిల్లల్లో ఆ ప్రమాదం తక్కువగా కనిపించడంతో అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ నిద్రవేళ దాన్ని ఇవ్వమనే చెబుతోంది. తల్లిపాలు తాగే బిడ్డకైతే పాలు తాగడం బాగా అలవాటయ్యాకే మొదలుపెట్టాలి. నిద్రపోయాక జారిపోతే మళ్లీ పెట్టనక్కర్లేదని కూడా అదే సలహాలో ఉంది. ఆ సంగతి తెలియక రాత్రంతా కాపలా కాసే అమ్మానాన్నలు ఎందరో!

ఆరు నెలలు దాటాక లెక్క మారుతుంది. ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది, పాలపీక వల్ల చెవిలో ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం మాత్రం పెరుగుతుంది. మీ బిడ్డకు చీటికీమాటికీ చెవి నొప్పి వస్తుంటే ఇక ఆలోచించకుండా మాన్పించండి. పళ్ల గురించి ఇప్పుడే బెంగ అక్కర్లేదు. రెండు మూడేళ్లు దాటినా అలవాటు వదలకపోతే పై పళ్లు, కింది పళ్లు కలవకుండా మధ్యలో సందు పడవచ్చు.

ఇక రాత్రి సంగతి. ఏ నిర్ణయమూ తీసుకోకుండా రెండు మూడు రాత్రులు ఊరికే గమనించండి. పసిపిల్లలకు సుమారు గంటకోసారి నిద్ర పలచబడుతుంది. కళ్లు మూతపడేటప్పుడు నోట్లో ఏముందో, అప్పుడూ దాన్నే వెతుక్కుంటారు. మా అమ్మాయి పెదవులు ముందు గాలిలోనే చప్పరించేవి, తల అటూ ఇటూ తిరిగేది, తర్వాత ఏడుపు. పాలపీక బుగ్గ పక్కనే ఉన్నా చెయ్యి అటు వెళ్లేది కాదు. నేను లేచి పెడితే నాలుగుసార్లు చప్పరించి నిద్రపోయేది, గంటకల్లా మళ్లీ అదే తంతు. ఆకలి కాదు, పాలిస్తే మొహం తిప్పేసేది. మావాడు మాత్రం కళ్లు తెరవకుండానే పరుపంతా తడిమి, దొరికినదాన్ని ఒక్కోసారి తలకిందులుగానైనా నోట్లో పెట్టుకుని పడుకునేవాడు. అలాంటి బిడ్డ దగ్గర పాలపీక లాక్కోవడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

జారిన పాలపీకను తామే వెతికి పెట్టుకోవడం ఏడెనిమిది నెలల పిల్లలు చాలామంది నేర్చుకోగలరు. పగలు పాలపీకను నోటికి కాకుండా చేతికి అందించండి. రాత్రి పక్కలో రెండు మూడు విడిగా వదలండి. తాడుతోనో క్లిప్పుతోనో బట్టలకు తగిలించి మాత్రం పడుకోబెట్టకండి, మెడకు చుట్టుకోవచ్చు.

బిడ్డకు ఆ పని రావడం లేదు, మీకు నిద్ర లేదు అనుకుంటే మాన్పించండి. జ్వరం, జలుబు, ప్రయాణం, ఇంట్లో కొత్త మనిషి రావడం వంటివి లేని వారం చూసుకోండి. పగటి నిద్రతో కాకుండా రాత్రి నిద్రతో మొదలుపెట్టండి, అప్పటికి పిల్లలు బాగా అలసి ఉంటారు. పాలు, దీపం తగ్గించడం, జోలపాట అన్నీ మామూలుగానే జరగాలి, పాలపీక ఒక్కటే ఉండకూడదు. నేను పక్కన కూర్చుని ఛాతీ మీద చెయ్యి వేసి మెల్లగా శ్‌... శ్‌... అంటూ ఉండేదాన్ని. ఏడుపు ఎక్కువైతే ఎత్తుకునేదాన్ని, పాలపీక మాత్రం ఇవ్వలేదు. అరగంట ఏడ్చాక ఇచ్చేస్తే, అరగంట ఏడిస్తే దొరుకుతుందని మనమే నేర్పినట్టు. మొదటి రాత్రి కంటే రెండో రాత్రి గోల ఎక్కువ కావచ్చు, అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. ఈలోగా బొటనవేలు నోట్లో పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి.

ఏడుపు అసలు భరించలేని ఇంట్లో మరో దారి: పూర్తిగా నిద్రలోకి జారకముందే మెల్లగా తీసేయడం, ఏడిస్తే ఇచ్చి మళ్లీ తీయడం. వారాలు పట్టినా విసుక్కోకూడదు.

పాలపీకకు తేనె రాయడం, చివర కత్తిరించి ఇవ్వడం రెండూ వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనెతో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, తెగిన ముక్క గొంతుకు అడ్డుపడవచ్చు.

ఏడాదిన్నర దాటినవాళ్లకు మాట అర్థమవుతుంది కాబట్టి ముందు పగలు మాన్పించి, పక్క మీద మాత్రమే అని నియమం పెట్టండి. మావాడికి చివరి పాలపీక చిరిగిపోతే చూపించి, ‘పాడైపోయింది, ఇక లేదు’ అని వాడి చేతే చెత్తబుట్టలో వేయించాను. అంతకుముందే సోఫా కింద, సంచుల అడుగున ఉన్నవన్నీ ఏరి పారేయండి. మీ కన్నా ముందు వాళ్లకే దొరుకుతాయి.