పాత అక్షరాన్ని పాళీ పట్టి చదవడం

లాటిన్ అక్షరరూపాల చరిత్రను అధ్యయనం చేయదలచినవారు సాధారణంగా శైలుల పేర్లను, శతాబ్దాలను కంఠస్థం చేయడంతో మొదలుపెడతారు. ఆ పని తరువాత చేసుకున్నా నష్టం లేదు. అక్షరంలో గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో చూసి, దాని వెనుక ఏ పనిముట్టు ఉందో పోల్చుకోవడం ముందుగా అలవడాలి.

ఇందుకు రెండు పెన్సిళ్లు చాలు. మొనలు సమానంగా ఉండేలా వాటిని పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండుతో బిగిస్తే, ఆ రెండు మొనలూ ఒక వెడల్పాటి పాళీకి రెండు అంచులవుతాయి. మొనల మధ్య దూరం 7 మిల్లీమీటర్లయితే, దానికి నాలుగు రెట్లు, అంటే 28 మిల్లీమీటర్ల ఎడంతో రెండు అడ్డగీతలు గీసుకోండి. కుడి మొన కాస్త పైకి ఉండేలా, రెండు మొనలను కలిపే రేఖ కింది గీతతో 30 డిగ్రీల కోణం చేసేలా పట్టుకుని, ఆ కోణం చివరిదాకా చెదరకుండా ఆ అడ్డగీతల మధ్య లాటిన్ చిన్నబడి అక్షరం 'ఓ' (o) రాయండి. ఎడమ సగాన్ని, ఆ తరువాత కుడి సగాన్ని, రెండింటినీ పైనుంచి కిందికే రాయాలి.

ఇప్పుడు రెండు మొనలు గీసిన గీతల మధ్య ఖాళీని నింపి చూడండి. అక్షరం గడియారంలో 11, 5 అంకెలుండే చోట్ల సన్నబడి, వాటికి అడ్డంగా ఉన్న దిశలో లావెక్కుతుంది. నిలువు గీత పాళీ వెడల్పులో సుమారు 87 శాతం, అడ్డగీత సరిగ్గా సగం వస్తాయి. కోణాన్ని 45 డిగ్రీలకు మారిస్తే రెండూ సమానమైపోతాయి కనుక, ఒక పేరాలోని నిలువు, అడ్డగీతల లావును పోల్చి లేఖకుడు పాళీ పట్టిన కోణాన్ని అంచనా వేయవచ్చు. 20వ శతాబ్ది ఆరంభంలో బ్రిటిష్ లిపి కళాకారుడు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ పాత రాతప్రతులను ఇలా పాళీతోనే పరిశీలించారు. 10వ శతాబ్ది చివరినాటి ఒక కీర్తనల ప్రతి (నేడు బ్రిటిష్ లైబ్రరీలో హార్లీ 2904 అనే సంఖ్యతో ఉన్నది) ఆధారంగానే ఆయన ఫౌండేషనల్ హ్యాండ్ అనే రాతను రూపొందించారు.

తరువాత అచ్చు పుటలకు రండి. నికొలాస్ జెన్సన్ 1470లో వెనిస్‌లో అచ్చువేసిన రోమన్ అక్షరాల్లో 'ఓ'కు, సన్నని చోట్లు 11, 5 అంకెల వైపు ఒరిగే ఆ ఏటవాలు ఇంకా కనిపిస్తుంది. 18వ శతాబ్ది చివర ఇటలీ ముద్రాపకుడు బొడోనీ రూపొందించిన అక్షరాల్లో సన్నని చోట్లు సరిగ్గా పైనా, కిందా ఉంటాయి. అక్కడ లావు సన్నాలు పాళీ కోణం వల్ల కాక, ఒత్తిడికి విచ్చుకునే సూదిమొన పాళీ రాతను తలపిస్తాయి. అయితే అచ్చక్షరం పంచ్ మీద, అంటే అక్షరపు అచ్చు తయారీకి వాడే ఉక్కు కడ్డీ కొన మీద, ఆకురాయితో, ఉలితో చెక్కినది. ప్రతి వంపునూ కలానికే ఆపాదించడం పొరపాటు.

అచ్చులో సిరా పరుచుకుని సన్నగీతలు లావవుతాయి. అందువల్ల ఒకే పుటలో అదే అక్షరాన్ని పదిచోట్లయినా పెద్దది చేసి చూసి, అన్నింటిలోనూ కనిపించే లక్షణాన్ని మాత్రమే రాసుకోండి.