డిటెక్టర్‌తో బంగారం వెతకడానికి సీనియర్ల వెంట వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

సీజన్ మొదలవుతుందంటే చాలు, కొత్తగా మెటల్ డిటెక్టర్ కొన్నవాళ్లకు కాలు ఒకచోట నిలవదు. ఈ పని నేర్చుకోవాలంటే అనుభవమున్న మనిషి వెంట తిరగడం కంటే మంచి దారి లేదని నా నమ్మకం. అయితే వాళ్లను మొదట అడగాల్సిన ప్రశ్న "బంగారం ఎక్కడుంది?" అని కాదు, "ఇక్కడ కాలు ఎక్కడ పెట్టకూడదు?" అని.

ఎందుకంటే బంగారం ఒకప్పుడు దొరికిన చోటే మళ్లీ దొరికే అవకాశం ఎక్కువ. కాబట్టి మనం తిరిగేదంతా పాత గనుల చుట్టూనే. అక్కడ నిలువు గోతులు ఉంటాయి. కొన్నిటికి ఎప్పుడో చెక్కలు అడ్డం వేసి, మట్టి కప్పి వదిలేసి ఉంటారు. లోపల చెక్క పుచ్చిపోయినా పైన గడ్డి మాత్రం పచ్చగానే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చూపంతా కాయిల్ (డిటెక్టర్ కింది చివర నేల మీద తిప్పే పళ్లెం) మీదే పెట్టి నడిచే మనిషికి అది కనపడదు. గుండ్రంగా కుంగిన నేల, చుట్టూ ఏమీ లేనిచోట గుబురుగా పెరిగిన పొద, పక్కనే తవ్విపోసిన మట్టిదిబ్బ కనిపిస్తే దూరంగా ఉండాలి. పని తెలిసినవాళ్లు మిషన్ ఆన్ చేయకముందే ఆ చుట్టుపక్కలంతా ఒకసారి నడిచి చూస్తారు. మీరూ వాళ్లతో నడవండి, ఏం చూస్తున్నారో అడగండి. సొరంగాల్లోకి అసలు దిగొద్దు. లోపల ఆక్సిజన్ తక్కువగా ఉంటే అది ముక్కుకు తెలియదు.

డిటొనేటర్ల సంగతి కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు, నాకు చాలా బాధగా ఉంటుంది. గనుల్లో రాయి పేల్చడానికి వాడిన ఈ చిన్న లోహపు గొట్టాలు ఒక్కోసారి పేలకుండా మట్టిలో మిగిలిపోతాయి. లోహమే కాబట్టి డిటెక్టర్ చక్కగా పలుకుతుంది. తవ్వేటప్పుడు వేలంత పొడవున్న సన్నటి గొట్టం కనిపిస్తే దాన్ని గీకొద్దు, గునపం తగలనివ్వొద్దు, జేబులో వేసుకోవద్దు. ఉన్నచోటే వదిలి, గుర్తు పెట్టి, పోలీసులకు చెప్పండి.

బంగారం కోసం గని రాయిని పొడిచేసిన పాత మిల్లుల దగ్గర గుట్టలుగా పోసిన మెత్తటి మట్టిలో పాదరసం, ఆర్సెనిక్ ఉండొచ్చు. ఆ దుమ్ము పీల్చకండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. దొరికిన ముక్క మీద వెండిలాంటి తెల్లటి పూత ఉంటే అది పాదరసం పట్టిన బంగారం కావచ్చు. దాన్ని ఇంట్లో పొయ్యి మీద పెట్టి కాల్చడం ప్రాణాంతకం. ఆ ఆవిరి ఊపిరితిత్తులను, నరాలను దెబ్బతీస్తుంది.

పర్మిషన్ విషయం సీనియర్ మీద వదిలేయకండి. చాలా దేశాల్లో నేల ఒకరిది, దాని కింది ఖనిజం మీద హక్కు ఇంకొకరిది లేదా ప్రభుత్వానిది. ఉదాహరణకు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో దీనికి 'మైనర్స్ రైట్' అనే పర్మిట్ ఉండాలి, ప్రైవేటు భూమి అయితే యజమాని ఒప్పుకోవాలి.

ఇక నేర్చుకునే సంగతి. సీనియర్‌కు సిగ్నల్ వచ్చినప్పుడు "తవ్వకముందు ఒక్క నిమిషం ఆగండి, నా మిషన్‌తో కూడా వింటాను" అని అడగండి. రోజంతటిలో మీకు దక్కే అసలు పాఠం ఇదే. చిన్న బంగారం గట్టిగా మోగదు. హెడ్‌ఫోన్స్‌లో సన్నగా వినిపిస్తూ ఉండే హమ్మింగ్ కాస్త లేచి మళ్లీ పడుతుంది, అంతే. వాళ్లు అక్కడే ఆగి, కాయిల్‌ను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పుతారు. తర్వాత బూటుతో పైమట్టి అంగుళం మేర గీకి మళ్లీ వింటారు. నేల చేసే చప్పుడైతే చెదిరిపోతుంది, నిజంగా లోహం ఉంటే పెరుగుతుంది. ఇనుము ఎక్కువున్న రాళ్లు కూడా బంగారంలాగే మోసం చేస్తాయి. ఆ తేడా చెవికి పట్టాలంటే రెండూ పక్కపక్కనే వినాలి.

ఇనుప చెత్తతో విసిగిపోయి కొత్తవాళ్లు డిస్క్రిమినేషన్, అంటే ఇనుముకు మిషన్ మోగకుండా చేసే సెట్టింగ్, పెట్టేస్తారు. వద్దు. ఇనుము ఎక్కువున్న నేలలో చిన్న బంగారాన్ని కూడా మిషన్ ఇనుమనే చూపించవచ్చు. మొదట్లో మోగిన ప్రతిదీ తవ్వండి. సీసపు గుళ్లు, రేకు ముక్కలు, మేకులే ఎక్కువ వస్తాయి, రానివ్వండి. సీసం ధ్వని బంగారానికి చాలా దగ్గర కాబట్టి, చిన్న సీసపు గుండు మోగినచోట తవ్వి తీయగలిగారంటే చెవి కుదురుతున్నట్టే. బూట్లకు స్టీల్ టో ఉండకూడదు, కాయిల్ దగ్గరికి వచ్చినప్పుడల్లా మోగుతుంది.

1980లో విక్టోరియాలోని కింగోవర్ దగ్గర 27 కిలోలకు పైగా బరువున్న 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' అనే బంగారు ముద్ద డిటెక్టర్‌తోనే దొరికింది. అలాంటి కథలు విని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ చీకటిపడేదాకా ఉండిపోతారు. తల వంచుకుని నడిస్తే దిక్కు తెలియదు. బండి ఉన్నచోటును జీపీఎస్‌లో పెట్టుకోండి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఫోన్ సిగ్నల్ లేని చోటైతే ఆపదలో శాటిలైట్ ద్వారా సాయం కోరే సంకేతం పంపే ఎమర్జెన్సీ బీకన్ దగ్గరుండాలి. నీళ్లు అవసరం అనుకున్నదానికంటే ఎక్కువే పట్టుకెళ్లండి. రాళ్ల కిందికి, గోతుల్లోకి చూడకుండా చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి.

సీనియర్‌కు మరీ దగ్గరగా తిరగకండి. రెండు మిషన్లు ఒకదానికొకటి అడ్డుపడి ఇద్దరికీ చప్పుడే మిగులుతుంది. తవ్విన ప్రతి గుంతా పూడ్చండి. వాళ్లు చూపించిన చోటుకు చెప్పకుండా మళ్లీ వెళ్లడం, ఇంకొకరిని తీసుకెళ్లడం నమ్మకద్రోహమే. అలా చేసినవాళ్లకు తర్వాత ఎవరూ ఏమీ నేర్పరు. దొరికిన ముక్క ఫొటో ఎవరికైనా పంపేముందు ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేసి ఉందో లేదో చూసుకోండి.