ఫ్యూజియాన్ ఇంజెక్షన్ సొంతంగా: నాలుగో పాఠం

ఫ్యూజియాన్ హెచ్‌ఐవీకి వాడే ఇంజెక్షన్. ఈసారి సూది ఎక్కడ వేసుకోవాలో చెప్పాల్సింది. కానీ మూడో పాఠం చూసి మందు కలిపినవాళ్లలో చాలామంది నురగ దగ్గరే ఆగిపోయారు. ముందు అది తేల్చుకుందాం. చేతులు కడుక్కోవడం, రబ్బరు మూత స్పిరిట్ దూదితో తుడవడం మళ్లీ చెప్పను.

వయల్‌లో, అంటే చిన్న గాజు సీసాలో, ఉన్నది 108 మి.గ్రా. ఎన్‌ఫువిర్టైడ్ (ఫ్యూజియాన్‌లోని మందు) పొడి. అందులోకి 1.1 మి.లీ. స్టెరైల్ వాటర్ (ఇంజెక్షన్ కోసం సూక్ష్మజీవులు లేకుండా చేసిన నీళ్లు) వెళ్లాలి. సెలైన్ వద్దు. పెద్ద సిరంజితో నీళ్లు వదిలేటప్పుడు ధార పొడి మీద పడకూడదు. సూది మొన గాజు గోడవైపు ఉంచి, నీళ్లు గోడ మీదుగా మెల్లగా జారనివ్వాలి. తర్వాత వేలి కొసతో పది సెకన్లు వయల్‌ని సుతారంగా తట్టి, రెండు అరచేతుల మధ్య దొర్లించాలి. అంతే. ఊపకూడదు.

ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా ఊపేస్తున్నారు. యాంటీబయాటిక్ వయల్‌ని నర్సు గబగబా ఊపడం చూసిన అలవాటది. ఇది 36 అమైనో ఆమ్లాల పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్క లాంటిది. ఊపితే నురగ కడుతుంది, కొన్నిసార్లు జెల్లీలా అవుతుంది. నురగతో లాగితే సిరంజిలో మందు ఒకటో గీత దాకా వచ్చినట్టే కనిపిస్తుంది, అందులో కొంత గాలే. అంటే ఒక డోసుకు, అంటే 1 మి.లీ.కి, ఉండాల్సిన 90 మి.గ్రా. వెళ్లదు. మిగతా మందులకు హెచ్‌ఐవీ వైరస్ లొంగనప్పుడే సాధారణంగా ఈ మందు రాస్తారు. రోజూ డోసు తగ్గుతూ పోతే వైరస్ దీనికీ లొంగకుండా తయారవుతుంది. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

నురగ వచ్చేసిందా? పారేయకండి. నిలబెట్టి వదిలేయండి. మామూలుగానే పూర్తిగా కరగడానికి 45 నిమిషాల దాకా పట్టొచ్చు, నురగ ఉంటే ఇంకా ఎక్కువ. మధ్యమధ్యలో దొర్లిస్తే త్వరగా కరుగుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే రేణువు గానీ, బుడగ గానీ, గోడకు అంటిన పొడి గానీ కనిపించకూడదు. ఎంత ఆగినా రేణువులు పోకపోతే ఆ వయల్ వాడొద్దు, మందుల షాపుకు తిరిగి ఇచ్చేయండి.

రోజుకు రెండు డోసులు కాబట్టి రెండు వయల్స్ పొద్దున్నే కలిపేసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. రాత్రి డోసు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య, దాని వయల్‌లోనే ఉండాలి. సిరంజిలోకి లాగి దాచొద్దు. 24 గంటలు దాటితే పారేయాలి. వేసుకునే ముందు బయటపెట్టి, చల్లదనం పూర్తిగా పోయాక మళ్లీ వెలుతురులో చూడండి. కలిపాక వయల్‌లో దాదాపు 1.2 మి.లీ. ఉంటుంది, మనకు కావాల్సింది 1 మి.లీ. మిగిలింది మరో వయల్‌లో మిగిలినదానితో కలపకండి. దీంట్లో నిల్వ ఉంచే రసాయనమేదీ లేదు.

ఇక సూది వేసుకునే చోటు. పొట్ట, తొడ ముందు భాగం, పై చేయి. బొడ్డు, పుట్టుమచ్చ, మచ్చ కట్టిన చర్మం, కమిలిన చోటు, పచ్చబొట్టు వదిలేయాలి. నరాలు పైపైనే ఉండే మోచేయి, మోకాలు, గజ్జ దగ్గరికి పోవద్దు. చర్మం చిటికెతో పట్టి, 45 డిగ్రీల వాలుతో గుచ్చి, మెల్లగా వదలాలి. గడ్డ, ఎరుపు, దురద దాదాపు అందరికీ వస్తాయి. గడ్డ ఉన్న చోట మళ్లీ వేయకూడదు. ముందటి డోసు వేసిన చోటా వద్దు.

దద్దుర్లతో పాటు జ్వరం, వాంతులు, వణుకు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా తర్వాతి డోసు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మళ్లీ సొంతంగా మొదలుపెట్టకూడదు. దగ్గు, జ్వరం, ఆయాసం ఉంటే న్యుమోనియా కావచ్చు, అదీ డాక్టరుకు చెప్పాలి. డోసు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే మరిచిపోయిన డోసు వదిలేయండి, రెండూ ఒకేసారి వద్దు.

వాడిన సూదికి మూత తిరిగి పెట్టే ప్రయత్నం చేయకండి, గుచ్చుకునేది అప్పుడే. మూత లేకుండానే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. ఇంట్లో ఎవరికైనా గుచ్చుకుంటే సబ్బునీళ్లతో కడిగి, గాయాన్ని పిండకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుకావాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. మన దగ్గర ఏఆర్‌టీ కేంద్రంలో (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే చోట) అడగండి.

అభ్యాసం: కాగితం మీద ఒళ్లు గీసి, వారానికి సరిపడా 14 చోట్లు అంకెలు వేసి గుర్తుపెట్టండి. ఏ రెండు వరుస అంకెలూ పక్కపక్కన రాకూడదు. ఎడమ పొట్ట తర్వాత కుడి తొడ, అలా. తర్వాత వేరే కొత్త సిరంజితో గ్లాసులోని నీళ్లు బుడగ లేకుండా సరిగ్గా 1 మి.లీ. లాగడం, వరుసగా పదిసార్లు తప్పకుండా వచ్చేదాకా చేయండి. ఆ సిరంజి మందుకు వాడకూడదు, డబ్బాలో వేసేయండి.